అత్తపాసు బండి

ప్రమాదంలో నుజ్జునుజ్జయి, ఇన్సూరెన్సు కంపెనీ "ఇక ఇది పనికిరాదు" అని చేతులు దులిపేసుకున్న కార్లని వేలంలో కొని, బాగుచేసి, మళ్ళీ రిజిస్ట్రేషను చేయించి అమ్మేవాళ్ళు ఆ ఊళ్ళో పదిమంది ఉన్నారు. తొమ్మిదిమంది బండి అమ్మేముందు ఇంజను చూస్తారు, బ్రేకులు చూస్తారు, కొనేవాడి వాలకం చూస్తారు. పదో ఆయన అత్తగారి మొహం చూస్తాడు. ఆవిడ వెనకసీట్లో కూర్చుని నాలుగు వీధులు తిరిగొచ్చి "బాగుంది" అంటేనే ఆ బండి అమ్మకానికి వచ్చినట్టు. అనకపోతే ఎంతటివాడొచ్చి అడిగినా ఇవ్వడు. అందుకే ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయి, అత్తపాసు అని పిలవడం మొదలుపెట్టారు.

"అత్తగారిని వదిలించుకోవడానికి ఎన్ని దారుల్లేవు? పోయి పోయి ఈ తుక్కు బండ్లే దొరికాయా ఈయనకి?" అనేవాళ్ళు మిగతా తొమ్మిదిమంది.

"వదలడం లేదుగా పాపం. ఇప్పటికి ముప్ఫై బండ్లెక్కి దిగింది, చెక్కు చెదరలేదు."

ఒకసారి ఒక పళ్ళ డాక్టరు బండి చూసి ముచ్చటపడ్డాడు. అప్పటికప్పుడే తీసుకెళ్తానన్నాడు.

"కుదరదండీ. అత్తయ్య ఇంకా పాస్ చెయ్యలేదు," అన్నాడు అత్తపాసు.

"ఆవిడేమైనా ఇంజనీరా?"

"కాదండీ. లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు."

"లైబ్రరీకీ కారుకీ ఏమిటండీ సంబంధం?"

"ముప్ఫై ఏళ్ళు నిశ్శబ్దంలో కూర్చున్న చెవులండీ అవి. ఎంత చిన్న శబ్దమైనా దొరికిపోతుంది."

సరే చూద్దామని డాక్టరు కూడా ముందుసీట్లో ఎక్కాడు. బండి రెండు వీధులు దాటి మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పెద్దావిడ నెమ్మదిగా అంది.

"అల్లుడుగారూ, శబ్దం వస్తోంది."

డాక్టరుకి ఏమీ వినబడలేదు. అత్తపాసు మాత్రం అక్కడికక్కడే బండి ఆపి, బానెట్ ఎత్తి, అందులోకి నడుం దాకా దూరాడు. ఐదు నిమిషాలు టంగు టంగుమని చప్పుళ్ళు వినిపించాయి. తర్వాత అరచేతిలో ఒక బోల్టు పట్టుకొచ్చి కిటికీలోంచి చూపించాడు.

"మీరన్నదే నిజం అత్తయ్యా. ఇదిగో, ఇది వదులైంది."

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని బోల్టుని పరీక్షగా చూసి, సరేనన్నట్టు తలూపింది. బండి వెనక్కి తిరిగింది. డాక్టరుకి ఆ చెవుల మీద ఎంత గురి కుదిరిందంటే, పద్దెనిమిది రోజులు ఓపికపట్టి ఆ బండే కొన్నాడు. తర్వాత తన క్లినిక్కులో రోగులు పడుకునే కుర్చీ కిర్రుమంటుంటే ఆవిడకే కబురు పెట్టాడని చెప్పుకుంటారు.

అందరూ మెచ్చుకునే ఈ పద్ధతి నచ్చనిది ఒక్క అత్తపాసు భార్యకే.

"వంటింట్లో కుళాయి నాలుగేళ్ళుగా కారుతోంది. రాత్రీ పగలూ టపటపటప. అది ఈయన చెవిన పడదు. మా అమ్మ చెప్పిందే శబ్దం, నేను చెప్పింది సణుగుడు," అనేది ఆవిడ, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ.

ఈ సంగతులేవీ ఇన్‌స్పెక్టరమ్మకి తెలీవు. ఆవిడ ఆ ఊరికి బదిలీ మీద వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. కంపెనీ కొట్టిపారేసిన బండికి పాత రిజిస్ట్రేషను రద్దయిపోతుంది. దాన్ని బాగుచేసినవాడు వంతెన అవతల ఉన్న ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టరు చేత పరీక్ష చేయించుకుంటేనే కొత్త పుస్తకం వస్తుంది. ఇన్‌స్పెక్టరమ్మ మెళ్ళో ఈలకి బదులు తాడు కట్టిన అయస్కాంతం వేలాడుతుంటుంది. దాన్ని బండి ఒంటి మీద పెట్టి జరుపుకుంటూ పోతుంది. అంటుకుంటే రేకు, జారితే కింద సొట్టలు పూడ్చిన పుట్టీ. బండి అబద్ధం చెప్పదు, తెచ్చినవాడే చెప్తాడు అన్నది ఆవిడ ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న సత్యం.

అత్తపాసు మొదటిసారి ఆవిడ ముందుకొచ్చినప్పుడు, అయస్కాంతం తలుపు మీద పెట్టబోతుంటే ఆపాడు.

"అక్కడొద్దు మేడమ్, వృథా. ఇక్కడ పెట్టండి, ఈ మూల. అరచెయ్యంత పుట్టీ ఉంది. ఇక్కడ జారుతుంది."

పెట్టింది. జారింది.

"డిక్కీ కింద కూడా ఒక అతుకుంది. రండి, చూపిస్తాను. ఇదిగో, గుద్దుకున్నప్పటి ఫోటో. కొనేవాళ్ళకి కూడా ఇదే ఇస్తాను."

ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండింది. తప్పులు దాచేవాళ్ళతో ఎలా నెగ్గాలో ఆవిడకి తెలుసు గానీ, దగ్గరుండి చూపించేవాడితో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఒకటి చూపించాడంటే పది దాచాడన్నమాటే అనుకుని మూడు గంటలు బండి కింద పడుకుని వెతికింది. ఏమీ దొరకలేదు. సంతకం పెట్టింది గానీ ఆ రోజంతా అన్నం సయించలేదు.

మరుసటివారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"మేడమ్, ఇవాళ పది గంటలకి మా బండి పరీక్ష ఉందండీ. రాలేకపోతున్నామండీ. వంతెన మొదట్లోకి వచ్చేశామండీ. శబ్దం వచ్చిందండీ."

"ఏం శబ్దం?"

"అత్తయ్యకి వచ్చిందండీ."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోను పెట్టేసి హెడ్డు క్లర్కు వైపు చూసింది. పాతికేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్న హెడ్డు క్లర్కు కంగారుపడలేదు.

"ఆయనంతే మేడమ్. ప్రతి బండికీ రెండుసార్లు ఎగ్గొడతాడు, మూడోసారి ఒక్కడూ వస్తాడు. మూడోసారి కూడా రాకపోతే ఫైలు మూసేసి బండిని తుక్కు కింద కొట్టించాలిగా, అది తెలుసు."

"రానప్పుడు కారణం రాసివ్వాలి. సాక్ష్యం జతచెయ్యాలి. ఇస్తున్నాడా?"

"ఓ, బ్రహ్మాండంగా."

బీరువాలోంచి ముప్ఫై ఒక్క ఫైళ్ళు వచ్చాయి. ప్రతి ఫైల్లోనూ రెండేసి ఉత్తరాలు, ముత్యాల్లాంటి అక్షరాలతో. "తమరి ఆఫీసుకు బయలుదేరి వచ్చుచుండగా బండిలో శబ్దము వచ్చినది. శబ్దమునకు కారణమైన బోల్టు ఫోటో జతపరచడమైనది. చిత్తగించవలెను." ఉత్తరానికి గుచ్చిన ఫోటోలో ఒక అరచెయ్యి, అందులో ఒక బోల్టు.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోటోలన్నీ ఊడదీసి బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. అరచెయ్యి ఒకదాంట్లో నల్లగా గ్రీజుతో ఉంది, ఒకదాంట్లో కట్టుతో ఉంది, ఒకదాంట్లో కాస్త ఒళ్ళు చేసింది. బోల్టు మాత్రం మారలేదు. దాని తల మీద ఆకుపచ్చ రంగు మరక ఉంది, ఒక అంచు చిన్నగా విరిగి ఉంది. అరవై రెండు ఫోటోల్లోనూ అదే మరక, అదే అంచు.

"రకరకాల కంపెనీల బండ్లు. ముప్ఫై ఒకటి. అన్నిట్లోనూ వదులైన బోల్టు ఇదొక్కటే," అంది పళ్ళు బిగించి.

హెడ్డు క్లర్కు వంగి చూశాడు. "గట్టి బోల్టు మేడమ్. ఆరేళ్ళ నుంచీ వదులవుతూనే ఉంది, అరగలేదు చూడండి."

ఉత్తరాల్లో శబ్దం వచ్చిన చోటు కూడా రాసి ఉండటం ఆవిడ కంటపడింది. మొదటి ఫైల్లో శబ్దం వచ్చింది వాళ్ళ ఇంటి గేటు దగ్గర. నాలుగో ఫైలుకి వీధి మలుపు. పదో ఫైలుకి మందుల షాపు. పంతొమ్మిదికి బడి గోడ. ఈ మధ్య ఫైళ్ళన్నిట్లో వంతెన మొదలు.

"అంటే ఏమిటిది?"

"శబ్దం మన ఆఫీసు వైపే వస్తోంది మేడమ్," అన్నాడు హెడ్డు క్లర్కు.

ఇన్‌స్పెక్టరమ్మకి నవ్వు రాలేదు. ఇదేదో పెద్ద మోసమే. శబ్దం వంకతో గడువు సంపాదించి, ఆ వారం రోజుల్లో దొంగ సామాను మారుస్తున్నాడు, సందేహం లేదు. మర్నాడు చెప్పాపెట్టకుండా వంతెన దాటి అత్తపాసు ఇంటికి వెళ్ళింది.

ఇంటి ముందు షెడ్డు, షెడ్డులో అరడజను బండ్లు. అత్తపాసు వాటిలో ఒకదాని కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. వరండాలో ఆకుపచ్చ ఇనపమంచం మీద పెద్దావిడ కూర్చుని పుస్తకం చదువుకుంటోంది.

"రామ్మా, కూర్చో," అంది జరిగి.

ఇన్‌స్పెక్టరమ్మ కూర్చోగానే మంచం కిర్రుమని ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ గభాల్న కోడు పట్టుకుంది.

"కంగారుపడకు. ఊగుతుంది గానీ పడదు. ఆ కాలికింద అట్టముక్క పెట్టాంలే."

"ఇన్ని స్పానర్లున్న ఇంట్లో మంచం ఊగడమేమిటండీ?"

"అల్లుడుగారికి తీరికుండదమ్మా. బండ్లలో ఒకటే శబ్దాలు."

ఇంతలో పక్కనున్న ఫోను మోగింది. అవతలి గొంతు వరండా అంతా వినబడేంత ఖంగుమంది.

"ఏమే, శుక్రవారమైనా వస్తున్నావా, మళ్ళీ శబ్దమేనా?"

"చూద్దాంలేవే," అని పెద్దావిడ ఫోను పెట్టేసి, కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వింది. "మా అక్క. మీ ఆఫీసు వెనక వీధే. మేడమీద ఉంటుంది. మోకాళ్ళు పోయాయి, మెట్లు దిగలేదు. నేనే వెళ్ళాలి."

"ఎన్నాళ్ళయింది చూసి?"

"ఆరేళ్ళు."

"ఎంత దూరమని? మధ్యలో వంతెన ఒక్కటేగా."

"వంతెన ఒక్కటే," అంది పెద్దావిడ. పుస్తకం తీసి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది గానీ పేజీ తిప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ధ్యాసంతా బండ్ల మీదే ఉంది. అయస్కాంతం పుచ్చుకుని షెడ్డంతా గాలించింది. చివర్లో గుడ్డ కప్పిన పాత నీలం కారు ఒకటి కనబడింది. ఆ కాలపు మోడల్ ఎవరూ కొనరు. అయినా అద్దంలా మెరుస్తోంది.

"దీని సంగతేమిటి?"

అత్తపాసు పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతులు తుడుచుకున్నాడు. "దీనికి రెండు తేదీలు పోయాయి మేడమ్. శుక్రవారం మూడోది."

ఆవిడ సంచీలోంచి ఫోటోలు తీసి విసనకర్రలా పట్టుకుంది. "ఈ బోల్టు ఏ బండిది?"

అత్తపాసు ఫోటోలు చూశాడు. వరండా వైపు చూశాడు. షెడ్డు పైకప్పు చూశాడు.

"అన్నిటిదీనండీ."

"శుక్రవారం పన్నెండింటికల్లా ఈ బండి నా ముందుండాలి. లేకపోతే బండి తుక్కులోకి పోతుంది, మీ లైసెన్సు కూడా పోతుంది. శబ్దాలూ బోల్టులూ నా దగ్గర చెల్లవు."

"చిత్తం మేడమ్," అన్నాడాయన. ఆయన మొహంలో రంగు పోయింది. వంటింట్లోంచి కుళాయి టపటపా వినబడుతూనే ఉంది. భార్య గుమ్మంలోకి వచ్చి, "కాస్త అది కూడా రాసుకోండి మేడమ్," అంది.

శుక్రవారం పదకొండున్నరైనా నీలం కారు రాలేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు మూసే ముద్ర బయటికి తీసి, మళ్ళీ ఆగింది. కళ్ళారా పట్టుకోవాలి. స్కూటరెక్కి వంతెన దాటింది.

అనుకున్నట్టే వంతెన అవతల మొదట్లో నీలం కారు ఆగి ఉంది. బానెట్ లేచి ఉంది. వెనకసీట్లో పెద్దావిడ నిటారుగా కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ స్కూటరు దూరంగా ఆపి, పిల్లిలా వెనకనుంచి వెళ్ళి చూసింది. అత్తపాసు బానెట్‌లోకి దూరి ఏ పనీ చెయ్యడం లేదు. ఒక స్పానరుని ఇంకో స్పానరుతో టంగు టంగుమని కొడుతున్నాడు. రెండోచేత్తో జేబులన్నీ తడుముకుంటున్నాడు.

"దొరికారు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆయన ఉలిక్కిపడి తల బానెట్‌కి కొట్టుకున్నాడు. "మెల్లగా మేడమ్, మెల్లగా. అత్తయ్య వింటారు."

"ఏం వెతుకుతున్నారు?"

"బోల్టు మేడమ్. పొద్దున చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. కనబడటం లేదు." ఆయన జేబులు బయటికి తిరగేశాడు. "అది చూపించకపోతే ఆవిడ మాట అబద్ధమైపోతుందండీ."

"అబద్ధమే కదా? శబ్దం లేదు, ఏమీ లేదు. ఎందుకండీ ఈ నాటకం? ఆరేళ్ళుగా."

అత్తపాసు స్పానర్లు కింద పెట్టాడు. బానెట్ చాటునే, గుసగుసగా చెప్పాడు.

"ఆరేళ్ళ కిందట నేను కుట్టుమిషన్లు అమ్ముకునేవాణ్ణి మేడమ్. ఈ బండి మాదే. ఒకరోజు వానలో అత్తయ్యని వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్తున్నాను. వెనకనుంచి ఆవిడ, 'అల్లుడుగారూ, ఏదో శబ్దం వస్తోంది' అన్నారు. మీ చాదస్తం గానీ అత్తయ్యా అన్నాను. వంతెన మధ్యకొచ్చేసరికి ముందు చక్రం ఊడిపోయింది. బండి వెళ్ళి పిట్టగోడ విరగ్గొట్టి సగం బయటికి వేలాడింది. నేను దూకగలిగాను. ఆవిడ కదిలితే బండి నీళ్ళలోకి పోతుంది. క్రేను వచ్చేదాకా నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నారు. ఒక్క దెబ్బ తగల్లేదు. ఒక్క మాట అనలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ బానెట్ పక్కనుంచి వెనకసీటు వైపు తొంగిచూసింది.

"కంపెనీవాళ్ళు బండిని పనికిరాదని రాసేశారు. అత్తయ్య కూడా ఇక గడప దాటలేదు. ఇద్దర్నీ అలా రాసెయ్యడానికి నాకు మనసొప్పలేదు మేడమ్. వేలంలో ఈ బండి నేనే కొన్నాను. దీన్ని బాగుచెయ్యడం కోసం నేర్చుకున్నదే ఈ పనంతా. మొదట ఆవిణ్ణి చక్రాల్లేని బండిలో కూర్చోబెట్టాను. అలవాటయ్యాక చక్రాలు పెట్టాను, ఇంజను పెట్టలేదు. తర్వాత గేటు దాకా నడిపాను. గేటు దగ్గర ఆవిడ, శబ్దం వస్తోంది అన్నారు. ఎంత వెతికినా ఏమీ లేదు. లేదని ఆవిడతో ఎలా చెప్పను? ఆ రోజు ఉన్న శబ్దం వినలేదు. అందుకే ఇప్పుడు లేనిది కూడా వింటాను. ఇంట్లోకి పరిగెత్తి చేతికందిన బోల్టు ఊడదీసి తెచ్చి చూపించాను. ఒక్కో బండితో ఒక్కో అడుగు ముందుకొచ్చాం. ఇదిగో, వంతెన దాకా వచ్చాం."

గేటు, వీధి మలుపు, మందుల షాపు, బడి గోడ. ఇన్‌స్పెక్టరమ్మకి ఫైళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆవిడకి అయస్కాంతానికి దొరకని నిజమొకటి ఎదురుపడింది, తనని చూసి తనకే సిగ్గేసింది.

"మిగతా బండ్లన్నీ మూడోసారి ఒక్కరే తెచ్చారుగా. దీన్ని కూడా తెచ్చెయ్యకపోయారా?"

"దీన్ని మాత్రం ఆవిడ లేకుండా దాటించను మేడమ్. తుక్కులోకి పోతే పోనివ్వండి."

గడియారం పదకొండు యాభై చూపిస్తోంది. గడువు పొడిగించే అధికారం ఆవిడకి లేదు, ఉన్నా పొడిగించే మనిషి కాదు. ఒక్క క్షణం ఆలోచించి, వెనక తలుపు తీసి పెద్దావిడ పక్కన కూర్చుంది.

"బండిని రోడ్డు మీద నడిపించి చూడటం కూడా పరీక్షలో భాగమేనండీ," అంది అధికారంగా.

"నువ్వా అమ్మా. మంచిదానివి, వచ్చావు. చూడు, శబ్దం వస్తోంది."

"ఎలా ఉంది శబ్దం?"

పెద్దావిడ ఆశ్చర్యంగా చూసింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కొందరు నవ్వారు, ఒకాయన బానెట్ ఎత్తాడు.

"దడదడమంటుంది. వంతెన కనబడగానే మొదలవుతుంది."

"ఇప్పుడు ఇంజను ఆపేసి ఉంది. ఇప్పుడూ వస్తోందా?"

"వస్తోందమ్మా."

ఇన్‌స్పెక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర నాడి ఎగిరెగిరి పడుతోంది. అబద్ధం కాదు, శబ్దం ఉంది.

"ఇది బండిది కాదండీ," అంది నెమ్మదిగా.

"తెలుసులే అమ్మా," అంది పెద్దావిడ అంతే నెమ్మదిగా. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి కాస్త గట్టిగా పిలిచింది. "అల్లుడుగారూ, ఇక వెతక్కండి. దొరకదు. పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులోంచి తీసి, మంచానికి బిగించేశాను. ఆరేళ్ళుగా ఊగలేక చస్తున్నాను."

అత్తపాసు బానెట్ పక్కనుంచి తల బయటపెట్టాడు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ముప్ఫై ఏళ్ళు పడుకున్న మంచం. దాని బోల్టు నాకు తెలీదా? మొదటిరోజే తెలుసు."

"మరి ఒక్కసారి కూడా అనలేదేం?"

"ఎలా అంటాను? తల నుంచి కాళ్ళదాకా గ్రీజు పూసుకుని, చంటిపిల్లాడిలా తెచ్చి చూపిస్తుంటే." ఆవిడ చీరకొంగు భుజం చుట్టూ బిగించి కప్పుకుంది. "మొన్న ఈ అమ్మాయి లైసెన్సు పోతుందంటే మీ మొహం చూశాను. ఇవాళ బోల్టు లేదు. మీకూ సాకు లేదు, నాకూ లేదు. ఎక్కండి, పోనివ్వండి."

అత్తపాసు ఎక్కాడు. మొదటిసారి తాళం తిప్పితే బండి స్టార్టవలేదు. కారణం ఇంజను కాదు, ఆయన తిప్పింది ఇంటి తాళంచెవి. రెండోసారి సరైనది తిప్పాడు.

నీలం కారు వంతెనెక్కింది. ఒక చోట పిట్టగోడలో నాలుగు గజాల సిమెంటు మిగతాదానికంటే కొత్తగా ఉంది. అక్కడికి రాగానే పెద్దావిడ ఇన్‌స్పెక్టరమ్మ చేతిని ఎముకలు నలిగేలా పట్టుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ కిక్కురుమనలేదు. అత్తపాసు అద్దంలోంచి వెనక్కి చూస్తూ బండిని చీమలా నడిపిస్తున్నాడు.

"అల్లుడుగారూ."

ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోయింది. "శబ్దమా అత్తయ్యా?"

"కాదు. కాస్త జోరుగా పోనివ్వండి. సైకిళ్ళు కూడా దాటిపోతున్నాయి, పరువు పోతోంది."

ఆఫీసుకి చేరేసరికి పన్నెండు దాటి ఏడు నిమిషాలైంది. హెడ్డు క్లర్కు గోడ గడియారం చూపించి, "టైమైపోయింది మేడమ్," అన్నాడు బాధగా.

"పరీక్ష పదకొండు యాభైకి వంతెన అవతలే మొదలైంది. రాసుకోండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. అది నిజమే. అయస్కాంతం పట్టుకుని బండి చుట్టూ ఒక్క అంగుళం వదలకుండా తిరిగింది. ఈ బండికీ అత్తపాసు ముందుగానే చూపించిన రెండు చోట్లా జారింది, మిగతా అంతా అతుక్కుంది. సంతకం పెట్టింది. ఈసారి ఆకలి కూడా వేసింది.

అక్కడినుంచి వెనక వీధికి రెండు నిమిషాలు. మేడమీద వసారాలో ఒక ముసలావిడ కమ్మీ పట్టుకుని నించుని ఉంది. నీలం కారు చూసింది. అందులోంచి ఎవరు దిగుతున్నారో చూసింది. కమ్మీ మీంచి ముందుకి వంగి ఖంగుమంది.

"ఏమే, ఇవాళ శబ్దం రాలేదా?"

"వచ్చిందే. వచ్చినా వచ్చేశాను," అంది పెద్దావిడ, మెట్లెక్కుతూ.

పదిరోజుల తర్వాత కొత్త రిజిస్ట్రేషను పుస్తకం ఇవ్వడానికి ఇన్‌స్పెక్టరమ్మ తనే వాళ్ళింటికి వెళ్ళింది. పోస్టులో పంపితే సరిపోయేదే. షెడ్డులో కొత్తగా వేలంలో కొన్న బండి ఒకటి నుజ్జునుజ్జుగా నించుని ఉంది, పక్కన ఎవరో కొనుగోలుదారు చిరాగ్గా తిరుగుతున్నాడు. "అత్తయ్య పాస్ చెయ్యాలండీ, పద్ధతి పద్ధతే," అంటున్నాడు అత్తపాసు.

ఇన్‌స్పెక్టరమ్మ జాగ్రత్తగా కోడు పట్టుకుని మంచం మీద కూర్చుంది. మంచం రాయిలా కదల్లేదు. కాలి దగ్గర, తల మీద ఆకుపచ్చ మరకతో, అంచు విరిగిన బోల్టు బిగించి ఉంది. అన్నాళ్ళ తర్వాత మంచం చప్పుడు లేకపోవడంతో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో వంటింటి కుళాయి మరీ స్పష్టంగా వినబడుతోంది.

పెద్దావిడ పుస్తకం మూసింది.

"అల్లుడుగారూ, వంటింట్లో శబ్దం వస్తోంది."

అత్తపాసు కొనేవాణ్ణి అక్కడే వదిలేసి, స్పానరు పుచ్చుకుని లోపలికి పరిగెత్తాడు. నాలుగు నిమిషాల్లో కుళాయి ఆగిపోయింది. భార్య గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒక్క మాటతో పోయేదానికి నాలుగేళ్ళు నన్ను చంపావు కదే అమ్మా. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయావా?"

"భయపడ్డానే," అంది పెద్దావిడ. "చెప్తే, చూపించడానికి మళ్ళీ నా మంచానికున్న మిగతా మూడు బోల్టుల్లో ఏది ఊడదీస్తారో అని."